ఉద్యోగం, గుర్రపు స్వారీ, పత్రికా రచన: మూడూ కలిసి సాగుతాయా?

ముప్పై అయిదేళ్ళు దాటాక, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ గుర్రపు స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టారనీ, ఇప్పుడు డ్రెసాజ్ (నిర్ణీత కదలికలను గుర్రం చేత చేయించి మార్కులు తెచ్చుకునే స్వారీ) పోటీలకు వెళ్ళాలని ఉందనీ రాశారు. గుర్రాల గురించి ఆంగ్ల పత్రికలకు వ్యాసాలు రాసి ఆ ఖర్చును కొంతైనా రాబట్టుకోవచ్చా, అలా పారితోషికం తీసుకుంటే ఔత్సాహికుల విభాగంలో పోటీ చేసే అర్హత పోతుందా, సొంత గుర్రం ఎప్పుడు కొనుక్కోవచ్చు అన్నవి మీ ప్రశ్నలు. నేను ఉత్తర వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఉంటాను. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారంలో కొన్ని సాయంత్రాలు గుర్రపుశాల, దొరికిన వేళ రచన, ఇలా కొన్నేళ్ళుగా గడుపుతున్నాను. నా అనుభవంలో తేలినది ముందే చెబుతాను: రాతతో గుర్రాన్ని పోషించలేము, కానీ రాయడం వల్ల మన స్వారీ తప్పకుండా బాగుపడుతుంది. ఈ కారణంగానే నేను రెండింటినీ వదలలేదు.

అర్హత సంగతి మొదట చూద్దాం. అమెరికాలో గుర్రపు పోటీల నియమాలను నిర్ణయించే జాతీయ సంస్థ యునైటెడ్ స్టేట్స్ ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్. దాని రూల్‌బుక్‌లో ఔత్సాహికులకు సంబంధించిన నియమం జీఆర్ 1306. 18 ఏళ్ళు నిండిన తరువాత డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాల మీద స్వారీ చేసినా, వాటికి శిక్షణ ఇచ్చినా, వాటిని పోటీలో చూపించినా, రుసుము తీసుకుని పాఠాలు చెప్పినా మీరు వృత్తిదారుల కిందికి వస్తారు. గుర్రాలకు సంబంధించిన పుస్తకాలు, వ్యాసాలు రాయడం మాత్రం ఔత్సాహిక హోదాకు భంగం కాదని ఆ నియమమే చెబుతోంది. అందువల్ల ఆ భయం పెట్టుకోవద్దు. అయితే పత్రిక ఇచ్చే డబ్బు మీ రాతకు వెలగా ఉండాలి తప్ప జీను మీద కూర్చున్నందుకు కూలిగా ఉండకూడదు. ఎవరైనా అమ్మకందారు తన గుర్రాన్ని ఎక్కి చూసి, దాని గురించి నాలుగు మంచి మాటలు రాస్తే డబ్బిస్తానంటే నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దని సలహా ఇస్తాను. కంపెనీల ప్రచార ఒప్పందాలు మీ ముందుకు వస్తే ఆ ఏటి రూల్‌బుక్ తెరిచి చదవండి. అనుమానం మిగిలితే ఫెడరేషన్‌కే రాసి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి.

అంతకంటె ముఖ్యమైన చట్టం మరొకటి ఉంది. మీరు ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్-1బి మీద ఉన్నవారు తమ కోసం పిటిషన్ వేసిన యజమాని దగ్గర మాత్రమే పని చేయాలి. పత్రికకు వ్యాసం రాసి పారితోషికం పుచ్చుకోవడం కూడా అనుమతి లేని ఉద్యోగం కిందికే వస్తుంది. మొత్తం చిన్నదే కదా అన్న వాదన అక్కడ చెల్లదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ, పని చేసే అనుమతి పత్రం పొందిన హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబ సభ్యుల వీసా) వారికీ ఈ అడ్డు లేదు. మీది హెచ్-1బి అయితే ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించే వరకు మీ కోసం మీరే నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉండండి; ఆ రాతలు తరువాత తప్పక పనికివస్తాయి. అనుమతి ఉన్నవారు పన్ను సంగతి మరచిపోకూడదు. ఫ్రీలాన్స్ లాభం మీద మామూలు ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం రేటున స్వయం ఉపాధి పన్ను కూడా ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. 500 కిలోల గుర్రానికి రోజుకు దాని బరువులో 1.5 నుండి 2 శాతం, అంటే ఏడున్నర నుండి పది కిలోల దాకా ఎండుగడ్డి కావాలి. ఆరు నుండి ఎనిమిది వారాలకు ఒకసారి డెక్కలు చెక్కి లాడాలు సరిచూసే ఫెరియర్ రావాలి. టీకాలు, పళ్ళ పని, పశువైద్యుల రాకపోకలు వేరే. మా ప్రాంతంలో గుర్రపుశాలలో వసతికే నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలు. ఒక వ్యాసానికి వచ్చేది సాధారణంగా వందల్లోనే ఉంటుంది, అదీ అచ్చయిన చాలా రోజులకు చేతికి అందుతుంది. నా రచన ఆదాయం పోటీల ప్రవేశ రుసుములకూ, అప్పుడప్పుడు ఒక పాఠానికీ సరిపోతుంది. గుర్రం ఖర్చు ఉద్యోగం జీతంలోంచే వెళుతుంది. ఈ కారణం చేత ఉద్యోగం మానేసి రచన మీద ఆధారపడదామన్న ఆలోచన ఉంటే దయచేసి విరమించుకోండి.

పోటీల విషయానికి వస్తే, మొదట స్థానికంగా జరిగే స్కూలింగ్ షోలకు, అంటే ఫెడరేషన్ గుర్తింపు లేని అభ్యాస పోటీలకు వెళ్ళండి. ఫెడరేషన్ గుర్తింపు ఉన్న పోటీల కంటె వాటి రుసుము తక్కువ, హడావుడి తక్కువ, న్యాయనిర్ణేతలు మాత్రం చాలాచోట్ల అనుభవజ్ఞులే ఉంటారు. డ్రెసాజ్‌లో మొదటి మెట్టయిన ఇంట్రడక్టరీ స్థాయి ఏ, బి పరీక్షలలో నడక, ట్రాట్ (తేలికపాటి పరుగు) మాత్రమే ఉంటాయి. సి పరీక్షలో క్యాంటర్ (అంతకంటె వేగమైన దౌడు) చేరుతుంది. ప్రతి కదలికకూ సున్నా నుండి పది వరకు మార్కులు వేసి, మొత్తాన్ని శాతంగా చెబుతారు. ఆరు అంటే సంతృప్తికరం, ఎనిమిది అంటే బాగుంది, పది అంటే అత్యుత్తమం. అరవై శాతం మార్కు చూసి చదువులో వెనకబడినట్టు బాధపడే అలవాటు మనలో చాలామందికి ఉంటుంది. ఇంట్రడక్టరీ, ట్రైనింగ్ స్థాయిల తరువాత వచ్చే ఫస్ట్, సెకండ్, థర్డ్ స్థాయిలలో అరవై శాతం చొప్పున రెండేసి సార్లు తెచ్చుకున్నవారికి యునైటెడ్ స్టేట్స్ డ్రెసాజ్ ఫెడరేషన్ కాంస్య పతకం ఇస్తుందని గుర్తు పెట్టుకుంటే ఆ అంకె విలువ అర్థమవుతుంది.

మీకు రాయడం వచ్చు కనుక, పోటీ చేయడానికి ముందే స్క్రైబ్‌గా స్వచ్ఛందంగా పని చేయమని గట్టిగా చెబుతాను. స్క్రైబ్ న్యాయనిర్ణేత పక్కన, పోటీ మైదానం అంచున గుర్తుగా పెట్టే సి అక్షరం దగ్గర కూర్చుని, న్యాయనిర్ణేత చెప్పే మార్కునూ వ్యాఖ్యనూ పరీక్షాపత్రం మీద రాస్తారు. గుర్రం వలయం తిరిగేలోపు న్యాయనిర్ణేత రెండు మూడు మాటల్లో లోపాన్ని పట్టి చెబుతారు: వంపు తగ్గింది, వెనక కాళ్ళు వెనకే ఉండిపోయాయి, మలుపుకు ముందు సిద్ధం కాలేదు. ఒక్క పూట అలా కూర్చుంటే, ఒకే కదలికను ఎందరో రౌతులు ఎన్ని విధాలుగా చేస్తారో, ఆరుకూ ఏడుకూ తేడా ఎక్కడ ఉందో కళ్ళ ముందు తెలుస్తుంది. ఫ్రీ వాక్‌కు (పగ్గాలు వదులు చేసి గుర్రాన్ని స్వేచ్ఛగా నడవనివ్వడం) ట్రైనింగ్ స్థాయిలో మార్కు రెట్టింపు లెక్క అని పుస్తకంలో చదివినా, పగ్గాలు వదిలినప్పుడు మెడ చాపి హాయిగా అడుగు సాగించే గుర్రానికీ, తల ఎత్తి బిత్తరచూపులు చూసే గుర్రానికీ మధ్య ఆ రెట్టింపు ఎంత తేడా తెస్తుందో అక్కడే నాకు అర్థమయింది. అంతేకాదు, అనవసరమైన విశేషణం లేకుండా చూసినదాన్ని చూసినట్టు చెప్పడం నేను ఏ రచన పాఠంలోనూ నేర్చుకోలేదు, ఆ కుర్చీలో నేర్చుకున్నాను. అక్కడ విన్న వ్యాఖ్యలను మాత్రం పేర్లతో ఎక్కడా రాయకండి. ఆ పత్రం రౌతుకు చెందినది.

వ్యాసాలకు విషయం ఎక్కడ దొరుకుతుందని అడిగితే, మీ గుర్రపుశాల చుట్టూనే అని చెబుతాను. మా కౌంటీకి సరిహద్దుగా పారే పోటోమాక్ నది పేరుతోనే ఒక గుర్రపు జ్వరం ఉంది. దాన్ని 1979లో నదికి అవతలి మేరీల్యాండ్ వైపు గుర్తించారు. నీటి పురుగులు మేతలో పడి, వాటిని గుర్రం మింగినప్పుడు అది సోకుతుంది. తీవ్రమైన విరేచనాలతో పాటు డెక్కల లోపలి వాపుకు కూడా అది దారి తీయవచ్చు. అందుకే వేసవి రాత్రులలో నది దగ్గరి గుర్రపుశాలల్లో దీపాలు ఆర్పేస్తారు, ఎందుకంటే వెలుతురు ఆ పురుగులను రప్పిస్తుంది. ఇలాంటి సంగతి ఒక్కటి పట్టుకుని, పశువైద్యులను, గుర్రపుశాల నిర్వాహకులను అడిగి, సంపాదకులకు ఒక పేజీ ప్రతిపాదన పంపితే చదువుతారు. రాసేవారి మనోభావాలు మాత్రమే ఉన్న ప్రతిపాదనలకు జవాబు రావడం అరుదు. మా కౌంటీలోని మిడిల్‌బర్గ్‌లో 1937లో మొదలైన క్రానికల్ ఆఫ్ ది హార్స్ వంటి పత్రికలను కొన్ని నెలలు శ్రద్ధగా చదివి, వారికి ఏ తరహా వ్యాసం కావాలో తెలుసుకున్నాకే పంపండి. ఆ జ్వరం గురించి వివరాలు సేకరించిన తరువాత నాకు స్వారీకి ముందు గుర్రం డెక్కల మీద చేయి పెట్టి వేడి చూడడం, మేత తొట్టి పరిశీలించడం అలవాటయింది. రాయడం వల్ల స్వారీ బాగుపడుతుందన్న మాట అందుకే అన్నాను.

కుటుంబం సంగతి క్లుప్తంగా చెబుతాను. పడితే ఎలా అన్న ఆందోళన ఇంట్లో ఉండడం న్యాయమే. ఏఎస్‌టీఎం, ఎస్‌ఈఐ అనే భద్రతా ప్రమాణాల ముద్ర ఉన్న హెల్మెట్ లేకుండా ఎక్కకండి, గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మళ్ళీ పెట్టుకోకండి, ఒంటరిగా ఉన్నప్పుడు స్వారీ చేయకండి.

సొంత గుర్రం గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. ముందు హాఫ్ లీజు తీసుకోండి, అంటే మరొకరి గుర్రాన్ని వారంలో కొన్ని రోజులు, ఖర్చులో కొంత భాగం భరిస్తూ చూసుకోవడం. నేను ఇప్పటికీ క్వార్టర్ హార్స్ అనే అమెరికన్ జాతికి చెందిన, పెద్ద వయసున్న ఒక గుర్రాన్ని అలాగే చూసుకుంటున్నాను, ఆ గుర్రం నాకు నేర్పినది ఖరీదైన కుర్ర గుర్రం నేర్పేది కాదు. ఆ లీజులో ఒక పూర్తి చలికాలం గడవాలి: నీటి తొట్టెలు గడ్డకట్టి, పొద్దు తొందరగా వాలి, పోటీలేవీ లేని ఆ నెలల్లో కూడా మీరు వెళ్ళగలిగితే అప్పుడు కొనడం గురించి ఆలోచించండి. గుర్రం పాతిక, ముప్పై ఏళ్ళు బతకగలదు, అందులో స్వారీకి పనికిరాని చివరి ఏళ్ళు కూడా మీ బాధ్యతే. కొనే రోజు వస్తే, అమ్మేవారి వైద్యుడితో సంబంధం లేని పశువైద్యుడిని మీరే పిలిపించి, కాళ్ళ ఎక్స్‌రేలతో సహా పరీక్ష చేయించిన తరువాతే డబ్బు కట్టండి.