డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ పేపర్లు: పేరు మార్చి వెతకండి

డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ అంటే నాట్యం, కదలికలతో మనసుకు చేసే చికిత్స. దాని మీద రీసెర్చ్ పేపర్ల కోసం 'డాన్స్ థెరపీ' అని గూగుల్‌లో కొడితే ఫిట్‌నెస్ వీడియోలే వస్తున్నాయా? చిక్కంతా ఆ పేరు దగ్గరే.

1. గూగుల్ స్కాలర్‌లో (రీసెర్చ్ పేపర్లు వెతికే గూగుల్ సైట్) ఇంగ్లీషులో, కొటేషన్ మార్కుల మధ్య, ఒకసారి 'డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ', ఇంకోసారి 'డాన్స్ మూవ్‌మెంట్ సైకోథెరపీ' అని కొట్టండి. బ్రిటన్ వాళ్లు ఎక్కువగా రెండోదే వాడతారు, చాలామంది అది వదిలేసి అసలు రీసెర్చే లేదనుకుంటారు (నేనూ అలాగే అనుకున్నాను). వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో సబ్జెక్ట్ హెడింగ్ (ఒకే అంశం పేపర్లన్నిటికీ పెట్టే పేరు) మాత్రం పొట్టిగా 'డాన్స్ థెరపీ'.

2. డిప్రెషన్ మీద 2015లో వచ్చిన కాక్రేన్ రివ్యూ (ఒక చికిత్స మీద జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే సమీక్ష) తెరవండి. లెక్కలోకి తీసుకున్నవి 3 అధ్యయనాలే, 147 మంది. పక్కన పెట్టిన వాటి జాబితా కూడా చదవండి, కారణాలతో సహా ఉంటుంది.

3. గూగుల్ స్కాలర్‌లో నచ్చిన పేపర్ కింద 'సైటెడ్ బై' నొక్కితే, దాన్ని ప్రస్తావిస్తూ తర్వాత వచ్చినవి బయటపడతాయి. డబ్బులడిగితే పక్కనే ఉన్న 'ఆల్ వెర్షన్స్' చూడండి, ఉచిత పీడీఎఫ్ చాలాసార్లు అక్కడే ఉంటుంది.