పక్క సీట్లో బ్రేకు లేని బండి

కె.ఆర్.పురం, బెంగళూరు

చిరంజీవి వంశీకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కారు కొన్నావని మీ అమ్మ మదనపల్లె నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆరేళ్ళు వాడిన పోలో జీటీ, టర్బో ఇంజను. ఇరవై మూడేళ్ళకే నీ జీతంలోంచి కంతులు కట్టుకుంటూ కొనుక్కున్నావంటే నాకు చాలా సంతోషం వేసింది. ఆ తర్వాత నీ వాట్సాప్ స్టేటస్ చూశాను. తెల్లవారుజామున నంది హిల్స్ వెళ్ళేటప్పుడు తీసిన వీడియో. వెనక నుంచి ఎవరో అరుస్తున్నారు, ముల్లు 140 దగ్గర ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

నేను ఈ ఊళ్ళో పన్నెండేళ్ళు డ్రైవరుగా చేశాను. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతున్నాను. స్కూల్ బండిలో నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్ ఉంటాయి. నేర్చుకునే పిల్లలు తప్పు చేస్తే నా కాలు కదులుతుంది, తప్పు అక్కడితో ఆగిపోతుంది. తాము ఎన్నిసార్లు తప్పించుకున్నారో చాలామందికి తెలియనే తెలియదు. తర్వాత గంటకు ఇరవై దాటని వేగంలో 8 వేసి చూపిస్తారు, లైసెన్సు వస్తుంది. నీకూ అలాగే వచ్చింది. ఎల్ఎల్ఆర్ తీసుకుని, 30 రోజులు ఆగి, టెస్టు పాసయ్యావు. ఆ టెస్టులో ఎవరూ నిన్ను వంద వేగంలో బ్రేకు వేయమని అడగలేదు. వర్షంలో మలుపు తిప్పమనలేదు. అంటే నువ్వు బండి కదిలించడం, తిప్పడం, ఆపడం నేర్చుకున్నావు. వేగంగా నడపడం నీకు ఎవరూ నేర్పలేదు. పక్క సీట్లో బ్రేకు మాత్రం అప్పుడే పోయింది.

ఇంకొకటి. నేను నేర్చుకున్న రోజుల్లో బండే మాకు సగం గురువు. ప్రీమియర్ పద్మిని 80 దాటిందంటే స్టీరింగ్ వణికేది, అద్దాలు గడగడలాడేవి, గేరు రాడ్ చేతిలో అదిరేది. "ఇంక చాలు" అని బండే చెప్పేది. మారుతి 800లో వంద కొడితే పక్కనున్నవాడి మాట వినిపించేది కాదు. నీ బండి అలా చెప్పదు. 120లో కూడా పాట హాయిగా వినిపిస్తుంది, ఏసీ చల్లగా తగులుతుంది, స్టీరింగ్ గట్టిగా, నిశ్చలంగా ఉంటుంది. వేగం ఒంటికి తెలియదు, ముల్లు చూస్తేనే తెలుస్తుంది. అరగంట సేపు వందలో పోయాక 60 అంటే పాకుతున్నట్టు ఉంటుంది, గమనించావా? ఊరి అంచున పోయే ఆ నైస్ టోల్ రోడ్డు దిగి ఊళ్ళోకి వచ్చే మొదటి పది నిమిషాలు అందుకే ప్రమాదం. అప్పుడు నీ అంచనాని నమ్మకు, ముల్లు చూసి నడుపు.

నువ్వు ఇంజనీరువి, లెక్క చెబితే నీకు బాగా ఎక్కుతుంది. రెండు కార్లు పక్కపక్కనే పోతున్నాయనుకో. ఒకటి 100లో, ఇంకోటి 120లో. ఎదురుగా ఒక మనిషి అడ్డం వచ్చాడు. ఇద్దరు డ్రైవర్లకీ అది తెలిసి కాలు బ్రేకు మీద పడడానికి ఒక్క సెకను పట్టింది. పొడి రోడ్డు, మంచి టైర్లు, ఇద్దరూ బలంగా తొక్కారు. 100లో ఉన్నది సుమారు 83 మీటర్లలో, ఆ మనిషి ముందు సరిగ్గా ఆగింది. మరి 120లో ఉన్నది? అదే చోటికి వచ్చేసరికి దాని వేగం ఇంకా 70 పైనే ఉంటుంది. తేడా ఇరవయ్యేగా, ఇరవై వేగంతో తగులుతుందిలే అనుకుంటారు అందరూ. కాదు. ఆ ఒక్క సెకనులో అది ఎక్కువ దూరం పోయింది, పైగా వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు అవుతుంది. కాగితం మీద నువ్వే వేసి చూడు. 80లో పోతూ రెండు సెకన్లు ఫోను వైపు చూస్తే 44 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టే, అదీ వేసుకో.

ఇంతవరకూ నీకు చెప్పని విషయం ఒకటి ఉంది. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1989లో నాకు ఇరవై ఆరేళ్ళు. ఒక వ్యాపారి దగ్గర డ్రైవరుగా ఉన్నాను. ఆయన దగ్గర కాంటెస్సా ఉండేది, ఇసుజు ఇంజను. అప్పట్లో ఆ బండి రోడ్డు మీద పోతుంటే జనం తిరిగి చూసేవాళ్ళు. ఒక సాయంత్రం ఓనర్ని కోలారులో దించి, ఖాళీ బండితో పాత మద్రాసు రోడ్డు మీద వెనక్కి వస్తున్నాను. పక్కన నా స్నేహితుడు. "ఎంత పోతుందో చూపించరా" అన్నాడు. చూపించాను. హొసకోటె ఇవతల 110లో ఉన్నాను. మసక చీకటి. పాల క్యాన్లు కట్టుకున్న సైకిలు ఒకటి కుడివైపు తిరిగింది. బలంగా తొక్కాను. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఆ రోజుల్లో మన బళ్ళలో లేదు. చక్రాలు బిగుసుకుని బండి తిన్నగా జారుకుంటూ పోయింది, స్టీరింగ్ తిప్పినా వినలేదు. క్యాన్ల చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆయన బతికాడు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది, అతుక్కున్నాక పొట్టిదైంది. మళ్ళీ సైకిలు తొక్కలేకపోయాడు. కేసు, జరిమానా, ఉద్యోగం పోవడం, అవన్నీ అయ్యాయి. వాటి గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. రెండేళ్ళు నెలకోసారి వాళ్ళ ఊరికి వెళ్ళి చేతనైనంత డబ్బు ఇచ్చి వచ్చేవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన నన్ను తిట్టలేదు. మంచం మీద పడుకునే అడిగాడు. "ఏమప్పా, యాడికి పోతా ఉంటివి అంత బిరబిరా?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఎక్కడికీ పోవడం లేదు. ఖాళీ బండి షెడ్డులో పెట్టడానికి పోతున్నాను.

ఒరేయ్ అల్లుడూ, నువ్వు ఆఫీసుకు వెళ్ళే దారినే తీసుకో. బొమ్మనహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఫ్లైఓవర్ దాదాపు పది కిలోమీటర్లు. బోర్డు మీద 80 అని రాసి ఉంది. 80లో పోతే ఏడున్నర నిమిషాలు, 120లో పోతే ఐదు. మిగిలేది రెండున్నర నిమిషాలు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో అంతకన్నా ఎక్కువసేపు నిలబడతావు కదా.

నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు 140 కొట్టవని నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ నిన్ను చూస్తున్నవాణ్ణి, నువ్వు జాగ్రత్త గల పిల్లాడివి. కానీ వెనక సీట్లో ముగ్గురు స్నేహితులు కూర్చుంటే కుర్రాడి కాలు వాడి మాట వినదు. స్కూల్లో ఇది ఎన్నోసార్లు చూశాను. వారమంతా పద్ధతిగా నేర్చుకున్నవాడు, స్నేహితుణ్ణి ఎక్కించుకున్న రోజు వేరే మనిషిలా నడుపుతాడు. కాంటెస్సాలో నాకు జరిగింది కూడా అదే. మొదటి ఆరు నెలలు ఒక్క స్నేహితుడికి మించి ఎక్కించుకోకు. "మా మామ ఒప్పుకోడు" అని చెప్పు. చెడ్డపేరు నాకే రానీ.

సిడ్నీలో ఉన్న మా అమ్మాయి చెప్పింది. అక్కడ కొత్త డ్రైవర్లు ముందూ వెనకా ఎర్రటి 'పీ' అక్షరం పలక తగిలించుకోవాలట. 90 దాటకూడదు, శక్తి ఎక్కువున్న కార్లు అసలు ముట్టుకోకూడదు. మన దగ్గర లైసెన్సు చేతికొచ్చిన మరుసటి రోజే ఎంత పెద్ద ఇంజనైనా నడపొచ్చు. చట్టం నీకు పెట్టని హద్దు నేను పెడుతున్నాను. ఆరు నెలలు హైవే మీద 80, ఎంత ఖాళీగా ఉన్నా సరే. రాత్రి పదకొండు తర్వాత బండి తీయకు. ఖాళీ రోడ్డే నాకు ఎక్కువ భయం. ట్రాఫిక్ ఉంటే అది నిన్ను ఆపుతుంది. రాత్రి రింగు రోడ్డు మీద దీపాల్లేకుండా నిలబెట్టిన లారీ, రంగు వేయని హంపు, డివైడర్ సందులోంచి దాటే మనిషి, కుక్కలు, ఇవేవీ నువ్వు 60 దాటితే నీ లైట్ల వెలుతురులో సమయానికి కనబడవు.

పోలీసుల సంగతి కూడా తెలుసుకో. 2024 ఆగస్టు నుంచి కర్ణాటకలో 130 దాటితే ఎఫ్ఐఆర్ పెడుతున్నారు. ఫైను కట్టేసి పోవడం కాదు, కేసు. పాస్‌పోర్టు, వీసా అవసరాలున్న వయసు నీది. ఆ వీడియో ఈ రోజే తీసెయ్.

ఇప్పుడు చేయాల్సిన పనులు. సెకండ్ హ్యాండ్ బండి కదా, ముందు టైర్లు చూడు. పక్క గోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. పైన గాట్లు బాగున్నా, ఐదారేళ్ళు దాటిన రబ్బరు గట్టిపడుతుంది, తడి రోడ్డును పట్టుకోదు. అమ్మేవాళ్ళు నల్ల పాలిష్ పూసి కొత్తగా కనిపించేలా చేస్తారు, అంకెలు మాత్రం అబద్ధం చెప్పవు. నాలుగు టైర్లకూ విడివిడిగా చూడు. పాతవైతే నాలుగూ మార్చు, డబ్బులు తక్కువైతే నన్ను అడుగు. బ్రేకు ఎంత మంచిదైనా బండిని ఆపేది అరచేయంత వెడల్పున రోడ్డును తాకే ఆ రబ్బరే.

తర్వాత ఏబీఎస్. బండిలో ఉందని నీకు తెలుసు, దాన్ని ఎప్పుడైనా కాలితో తెలుసుకున్నావా? బలంగా తొక్కినప్పుడు పెడల్ కాలి కింద టకటకమని తంతుంది. మొదటిసారి ఆ దెబ్బకు చాలామంది బ్రేకు పాడైందని భయపడి కాలు తీసేస్తారు. తీయకూడదు. పూర్తిగా తొక్కి అలాగే పట్టుకుని, స్టీరింగును ఖాళీ ఉన్న వైపు తిప్పాలి. ఏబీఎస్ ఉన్నది అందుకే, తిప్పితే బండి వింటుంది. 1989లో నాకు ఆ అవకాశం లేదు. నీకు ఉంది. కానీ ఖాళీ చోట 40లో పదిసార్లు వేసి అలవాటు చేసుకుంటేనే అవసరానికి కాలు దానంతట అదే ఆ పని చేస్తుంది.

టర్బో గురించి ఒక మాట. తొక్కిన వెంటనే ఒక్క క్షణం ఏమీ జరగదు. ఇంకా తొక్కుతావు. అప్పుడు ఒక్కసారిగా తోస్తుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు కొత్తవాళ్ళు తడబడేది అక్కడే. తడి రోడ్డు మీద మలుపులో ఉండగా ఆ తోపు వస్తే ముందు చక్రాలు పట్టు వదిలేస్తాయి. మలుపుకు ముందే వేగం తగ్గించు, స్టీరింగు తిన్నగా అయ్యాకే తొక్కు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ పడే మొదటి వానల్లో ఇంకా జాగ్రత్త. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము నీటిలో కలిసి సబ్బు పూసినట్టు అవుతుంది. ముందు బండి దాటిన స్తంభం దగ్గరికి నువ్వు చేరేలోపు రెండు సెకన్లు లెక్కపెట్టుకునేంత దూరం ఉండాలి, వానలో నాలుగు. ఆ సందులోకి ఎవడో దూరతాడు, ఇది బెంగళూరు. దూరనీ. మళ్ళీ వెనక్కి తగ్గు.

రీమ్యాప్ చేయిస్తానంటున్నావని మీ చెల్లి చెప్పింది. వద్దు నాన్నా. ఇంజనును నడిపే కంప్యూటర్లో ప్రోగ్రాం మార్చి దానికి బలం పెంచుతారు. బ్రేకులకు, టైర్లకు ఎవరు పెంచుతారు? అది ఇన్సూరెన్స్ వాళ్ళకు చెప్పకుండా చేయిస్తే రేపు క్లెయిమ్ కూడా కాదనొచ్చు.

బెల్టు నువ్వు పెట్టుకుంటావు, తెలుసు. వెనక కూర్చున్నవాళ్ళు పెట్టుకునేదాకా బండి కదిలించకు. 2021 ఆగస్టు ఆఖర్లో మన కోరమంగలలో జరిగింది గుర్తుందా? అర్ధరాత్రి దాటాక ఒక ఖరీదైన జర్మన్ కారు స్తంభానికి కొట్టుకుంది, ఏడుగురు పోయారు. అంతా ఇరవైల్లో ఉన్న పిల్లలే. ఎవరూ బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. ఆ వారం స్కూలుకు వచ్చిన ప్రతి పిల్లాడికీ ఆ కారు ఫొటో చూపించాను. చూపిస్తూ చూపిస్తూ ఒకసారి ఏడ్చేశాను.

ఈ ఆదివారం పొద్దున ఆరింటికి ఇక్కడికి వచ్చెయ్, ఒక్కడివే. హొసకోటె వైపు నాకు తెలిసిన ఖాళీ లేఅవుట్ రోడ్డు ఒకటి ఉంది, అక్కడ బ్రేకులు వేద్దాం. పక్క సీట్లో నేను కూర్చుంటాను. అత్త ఉగ్గాని, బజ్జీ చేస్తానంది. ఈ రాత్రికి మాత్రం నాలుగు టైర్ల అంకెలూ ఫొటో తీసి పంపు.

మీ మామయ్య