బొల్లికి ఆపరేషన్ ఇప్పుడే వద్దు: మోచేతి గాయం చెబుతున్నది వినండి

ప్రశ్న: మాది టంగుటూరు. మా అమ్మాయికి 20 ఏళ్లు, ఒంగోలులో డిగ్రీ చదువుతోంది. నాలుగేళ్ల క్రితం చీలమండ దగ్గర చిన్న తెల్లమచ్చ మొదలైంది. రెండేళ్లుగా పెదవి మూలన, వేళ్ల కణుపుల మీద కూడా వచ్చాయి. నుదుట బొట్టు బిళ్ళ పెట్టుకునే చోట కొంచెం తెలుపు తిరిగినట్టుంది. మూడు నెలల కిందట స్కూటీ మీద నుంచి పడి మోచేయి గీరుకుపోయింది, అది మానాక అక్కడా తెల్లబడింది. చర్మ కణాలు మార్పిడి చేస్తే ఒక్క రోజులో అయిపోతుందని మా మరిది చెన్నైలో కనుక్కొని వచ్చారు. కొత్త క్రీము వచ్చిందని వార్తల్లో చదివాం. శ్రావణంలో సంబంధాలు చూద్దామనుకుంటున్నాం. ఆపరేషన్ చేయించాలా, క్రీము వాడాలా? రేపు దాని పిల్లలకు కూడా వస్తుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన మోచేతి సంగతే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. చర్మం గీరుకున్న చోట, ఆ గీత ఎంత మేర ఉందో అంత మేరా కొత్తగా తెల్లబడటాన్ని కోబ్నర్ లక్షణం అంటారు. 19వ శతాబ్దంలో దీన్ని సోరియాసిస్ రోగుల్లో గమనించి చెప్పిన జర్మన్ వైద్యుడి పేరది. బొల్లిలో ఇది కనిపించిందంటే జబ్బు ఇంకా కదులుతోందని అర్థం. మీ అమ్మాయి పాత మచ్చలు చూడటానికి అలాగే ఉన్నా, లోపల రంగు కణాల మీద దాడి ఆగలేదు.

కణాల మార్పిడి అంటే ఏమిటో కూడా ఇక్కడే చెప్పాలి. తెల్లమచ్చ మీది పైపొరను గీకి తీసేసి, తొడ నుంచో పిరుదు నుంచో తీసిన పలుచని చర్మంలోని కణాలను అక్కడ పరుస్తారు. అంటే ఒకేసారి రెండు చోట్ల, మచ్చ మీదా, తొడ మీదా, మనమే గాయం చేస్తున్నామన్నమాట. స్కూటీ మీద నుంచి పడితే తగిలిన చిన్న దెబ్బకే తెల్లబడిన చర్మం వైద్యుడు చేసిన గాయాన్ని వేరుగా చూడదు. పెట్టిన రంగు నిలవకపోవచ్చు, దానికి తోడు ఇప్పటిదాకా శుభ్రంగా ఉన్న తొడ మీద కొత్త మచ్చ రావచ్చు. అందుచేత ఆపరేషన్ ఇప్పుడు వద్దనే నా సలహా, ఎంత పేరున్న చోట చేసినా సరే. భారతీయ చర్మవైద్యుల సంఘం నియమించిన నిపుణుల బృందం కూడా కనీసం ఏడాది పాటు కొత్త మచ్చ రాకుండా, పాత మచ్చ పెరగకుండా, దెబ్బ తగిలిన చోట తెల్లబడకుండా ఉంటేనే శస్త్రచికిత్స ఆలోచించమని చెప్పింది. మీ లెక్క మోచేయి తెల్లబడిన రోజు నుంచి మళ్ళీ మొదలైంది.

ఇది బొల్లి అవునా కాదా అన్నది ముందు నిర్ధారించుకోవాలి. మీరు చెప్పిన తీరును బట్టి బొల్లే అనిపిస్తున్నా, కాగితం మీద చదివి తేల్చే జబ్బు కాదిది. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే నీలి వెలుగు వేస్తే బొల్లి మచ్చ సున్నం కొట్టినట్టు మెరుస్తుంది. మామూలు వెలుతురులో కనిపించని మచ్చలు, మసకబారిన అంచులు, ఆవాలు చల్లినట్టుండే సన్నని తెల్ల చుక్కలు కూడా అందులో బయటపడతాయి. మసక అంచులూ, ఆ చుక్కలూ ఉంటే అవి కూడా జబ్బు కదులుతోందనడానికి సాక్ష్యాలే. మన వైపు ఇప్పటికీ కొందరు దీన్ని తెల్లకుష్టు అంటారు. కుష్టుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. కుష్టు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, బొల్లి మచ్చలో స్పర్శ మామూలుగా ఉంటుంది, ఎవరికీ అంటదు కూడా. ఆ మాట మీ ఇంట్లో ఎవరైనా అంటుంటే ముందు దాన్ని మాన్పించండి, పిల్లకు సగం బరువు దిగుతుంది.

నుదుటి మచ్చ సంగతి వేరుగా చూడాలి. బొట్టు బిళ్ళల వెనక జిగురులో వాడే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ వంటి రసాయనాలు రంగు కణాలను నేరుగా చంపగలవు. రబ్బరు చెప్పుల పట్టీ ఆనే మేర పాదం మీద తెల్లబడటం కూడా చాలామందిలో ఇలాంటి రసాయనాల పనే. బిళ్ళలు ఈ రోజు నుంచే మానేయండి. బొట్టు కావాలంటే కుంకుమ పెట్టుకోవచ్చు, అది కూడా దురద రాకపోతేనే. బిగుతైన లంగా బొందు, పీచుతో గట్టిగా రుద్దుకోవడం, గోకడం, ఇవన్నీ మోచేతి గాయానికి చిన్న తమ్ముళ్లే కనుక వాటినీ తగ్గించాలి.

ఇక మీరు చదివిన కొత్త క్రీము గురించి. బొల్లిలో మన సొంత రక్షణ కణాలే, ముఖ్యంగా సీడీ8 అనే టీ కణాలు, రంగు తయారుచేసే మెలనోసైట్ల మీద పడతాయి. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా చర్మంలో కబురులా పాకి మరిన్ని కణాలను పిలుస్తుంది. ఆ కబురు కణం లోపలికి చేరే దారిలో జాక్ అనే ఎంజైములున్నాయి. రుక్సోలిటినిబ్ అనే మందు ఆ దారిని మూస్తుంది. దాన్ని 1.5 శాతం క్రీముగా రోజుకు రెండుసార్లు రాయడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జూలైలో అనుమతించింది. 12 ఏళ్లు దాటినవారికి, శరీరంలో పదో వంతుకు మించని మేర మాత్రమే రాయాలన్నది షరతు. దీనికి ఆధారమైన రెండు పరీక్షల్లో కలిపి 674 మంది పాల్గొన్నారు. 24 వారాలు రాశాక ముఖం మీది మచ్చల్లో ముప్పాతిక వంతు రంగు తిరిగివచ్చినవారు నూటికి దాదాపు 30 మంది. మందు లేని ఉత్త క్రీము రాసినవారిలో ఆ సంఖ్య ఒక పరీక్షలో 7, రెండో దానిలో 11. మందు ఆపకుండా ఏడాది రాసినవారిలో అది సుమారు సగానికి చేరింది.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. బొల్లికి ఇంత పద్ధతిగా పరీక్షించి అనుమతి తెచ్చుకున్న రంగు తెప్పించే మందు అంతకు ముందు లేదు, కనుక ఇది పెద్ద అడుగే. అయినా ఆరు నెలలు రాసినా ముఖం మీద ఆ స్థాయి ఫలితం నూటికి 70 మందికి రాలేదు. చేతివేళ్లు, పాదాలు ముఖంలా స్పందించవు. ఎందుకంటే రంగు కణాలు తిరిగి పుట్టుకొచ్చేది ప్రధానంగా వెంట్రుకల కుదుళ్ల నుంచి. రంగు తిరిగివస్తున్న మచ్చను దగ్గరగా చూస్తే ఒక్కో వెంట్రుక చుట్టూ గోధుమ రంగు చుక్క లేచి, ఆ చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. పెదవి మీద, వేళ్ల చివర్ల మీద కుదుళ్లే లేవు. మచ్చలోని వెంట్రుకలు నెరిసిపోయి ఉంటే అక్కడ ఖజానా ఖాళీ అయిందనుకోవాలి. మీ అమ్మాయి చీలమండ మీద వెంట్రుకలు ఇంకా నల్లగానే ఉన్నాయా, తెల్లబడ్డాయా అన్నది ఈసారి పగటి వెలుగులో చూడండి.

ఇదే తరగతికి చెందిన టోఫాసిటినిబ్ మాత్రలు మన మందుల షాపుల్లో దొరుకుతున్నాయి. ఎవరో వాడారని తెచ్చి వేయకండి. కీళ్లవాతం వంటి జబ్బులకు వచ్చిన మందది. క్షయ నిద్రాణంగా ఉన్నవారిలో దాన్ని నిద్రలేపగలదు. ఛాతీ ఎక్స్-రే, రక్త పరీక్షలు చూడకుండా ఏ వైద్యుడూ మొదలుపెట్టకూడదు.

మీకు ఇప్పుడు కావలసింది జబ్బు కదలికను ఆపే వైద్యం. దానికి మన దేశంలో పుట్టిన పద్ధతే ఉంది. వారంలో వరుసగా రెండు రోజులు మాత్రమే తక్కువ మోతాదు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చే మినీపల్స్ విధానాన్ని దిల్లీ ఎయిమ్స్ వైద్యులు రూపొందించారు. బొల్లిలో దాని ఫలితాలను 1993లో ప్రచురించారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు ఇస్తాం, చక్కెర, రక్తపోటు, బరువు చూసుకుంటూ. దీనికి తోడు 311 నానోమీటర్ల నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి చికిత్స. 1997లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు బొల్లికి దీని ఉపయోగాన్ని చూపినప్పటి నుంచి ఇదే ప్రధాన చికిత్సగా నిలిచింది. ముఖానికి, రక్షణ కణాల దాడిని తగ్గించే టాక్రోలిమస్ లేపనం కూడా కలపవచ్చు.

కాంతి చికిత్సకు కావలసింది ఓపిక. 2017లో 35 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కడితే, ముప్పాతిక వంతుకు పైగా రంగు వచ్చినవారు మూడు నెలలకు నూటికి 13 మంది, ఆరు నెలలకు 19 మంది, ఏడాదికి 36 మంది అని తేలింది. వారానికి రెండు మూడుసార్లు రావాలి. 72 సార్లు తీసుకోకుండా పని చేయలేదని తేల్చకూడదని నిపుణుల మాట. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పదిహేను, ఇరవై సార్లకే మానేస్తారు. వారిని తప్పుపట్టలేను, కావలి నుంచో కందుకూరు నుంచో బస్సెక్కి వచ్చి, రెండు నిమిషాల వెలుగు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవడం తేలిక కాదు. మీ అమ్మాయి చదువు ఒంగోలులోనే కనుక మీకు ఆ ఇబ్బంది తక్కువ. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి, మొదటి పరీక్ష అక్కడే చేయించుకోవచ్చు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. బొల్లి ఉన్నవారిలో థైరాయిడ్ లోపం మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఏడాది పాటు ఏ కదలికా లేదని తేలాక, అప్పటికీ పెదవి మూలన తెలుపు మిగిలితే, ఆపరేషన్ గురించి మాట్లాడుకుందాం. అప్పుడు మీ మరిది చెప్పిన పద్ధతి ఒక్కటే కాదు, చాలా ఉన్నాయి. పెదవికి నేను ఎక్కువగా మొగ్గేది బొబ్బ పొర అతికించే పద్ధతి వైపు. తొడ మీద సూది లేని సిరంజిని బోర్లించి లోపలి గాలిని లాగి ఉంచితే, గంటన్నర నుంచి మూడు గంటల్లో కింద నీటి బొబ్బ లేస్తుంది. ఉల్లిపొరంత పలుచగా ఉండే దాని పైకప్పును చిన్న కత్తెరతో కోసి, గాజు పలక మీద తిరగేసి పరిచి, గీకి సిద్ధం చేసిన మచ్చ మీదికి జార్చి అతికిస్తాం. వారం పది రోజుల్లో ఆ పొర ఎండి ఊడిపోతుంది. అది చూసి ఇంట్లోవాళ్లు ఆపరేషన్ పోయిందని కంగారుగా ఫోను చేస్తారు. కానీ రంగు కణాలు అప్పటికే కింద నాటుకుని ఉంటాయి.

మీ మరిది విన్నది కణాల ద్రావణ పద్ధతి. 1992లో ఫ్రెంచి వైద్యులు దీన్ని తొలిసారి వివరించారు. తీసిన చర్మాన్ని ట్రిప్సిన్ అనే ఎంజైములో నానబెట్టి, కణాలు విడదీసి, మచ్చ మీద పరుస్తారు. తీసిన ముక్కకు పది రెట్ల మేర దాకా కప్పవచ్చు కనుక పెద్ద మచ్చలకు ఇది మేలు. ఇదే పనిని రోగి మంచం పక్కనే చేసే ఒక కిట్‌ను అమెరికాలో 2023 జూన్‌లో బొల్లికి అనుమతించారు. మన దేశంలో చాలా ఆసుపత్రులు దీన్ని ఏళ్లుగా మామూలు ల్యాబ్ సామానుతోనే చేస్తున్నాయి. జోధ్‌పుర్ వైద్యులైతే ట్రిప్సిన్ కూడా లేకుండా, తొడ చర్మాన్ని గీకితే వచ్చే పొడిని యాంటీబయాటిక్ లేపనంలో పట్టి మచ్చ మీద పెట్టే తీరు చూపించారు. ఏ పద్ధతిలోనైనా ఒక్క రోజులో అయ్యేది ఆపరేషనే, రంగు కాదు. రంగు నిండటానికి మూడు నుంచి ఆరు నెలలు, చుట్టుపక్కల చర్మంతో కలవటానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. వేళ్ల కణుపుల మీద ఫలితం తక్కువ, ఎందుకంటే వంగే చోట అతికించినది కదలకుండా ఉండదు. ఆ మచ్చలకు డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పను.

తిరిగివచ్చిన రంగు శాశ్వతమని కూడా ఎవరూ మాట ఇవ్వలేరు. చికిత్స ఆపిన ఏడాదిలోపు నూటికి 40 మంది దాకా రోగుల్లో మచ్చలు మళ్ళీ కనిపించాయి. దాడి చేసిన కణాల్లో కొన్ని చర్మంలోనే కాపురం పెట్టి ఉండిపోవడం ఇందుకు కారణం. అందుకే రంగు వచ్చాక కూడా టాక్రోలిమస్‌ను వారానికి రెండుసార్లు కొనసాగించమంటాం.

మీరు అడగకపోయినా, అడుగుతారని తెలుసు కనుక తిండి సంగతి చెబుతాను. చేపల పులుసుతో తిని పైన పెరుగన్నం తింటే బొల్లి వస్తుందనేది నిజమైతే మా నెల్లూరులో మచ్చ లేని మనిషి ఉండకూడదు. పులుపు, చేప, పాలు ఏదీ మానక్కర్లేదు. బావంచాల ముద్ద మాత్రం రాయకండి. అందులో ఉండే, చర్మాన్ని ఎండకు సున్నితం చేసే సోరాలెన్‌కు వైద్యంలో చోటున్న మాట నిజమే. కానీ కొలత లేకుండా రాసుకుని మన ఎండలో నిలబడితే బొబ్బలెక్కుతుంది, కాలిన ఆ మేరంతా మళ్ళీ మోచేతి కథే.

పిల్లలకు వస్తుందా అన్న ప్రశ్నకు: తల్లికి ఉన్నంత మాత్రాన బిడ్డకు రావాలని లేదు, నూటికి తొంభై మందికి పైగా రాదు. ఒకే జన్యువులు పంచుకున్న కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి వచ్చింది నూటికి 23 మందికే అని 2003 నాటి అధ్యయనం చెప్పింది. శ్రావణం నాటికి ఏ వైద్యమూ ఈ మచ్చలను చెరపలేదు. ఆ గడువు పెట్టి ఎవరైనా హామీ ఇస్తే అక్కడ డబ్బు కట్టకండి. సంబంధాల మాట వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిదని నా అభిప్రాయం, పౌడరు కింద దాచిన మచ్చ కాపురంలో పెద్దదై కనిపిస్తుంది. పెళ్లి కుదిరితే ఏ మందు వాడుతున్నారో వైద్యుడికి గుర్తు చేయండి. ఈ మందుల్లో కొన్నిటిని గర్భానికి ముందే ఆపాలి.

పరీక్షకు వచ్చే ముందు ఒక చిన్న పని చేయండి. పల్చని ప్లాస్టిక్ కవరును ప్రతి మచ్చ మీదా పరిచి, స్కెచ్ పెన్నుతో అంచు గీసి, పక్కన తేదీ వేయండి. ముందు మోచేయిది గీయండి. నెలకోసారి అదే కవరును అదే చోట పెట్టి చూసి, మచ్చ గీత దాటితే ఆ నెల తేదీతో కొత్త గీత గీయండి. ఆ కవర్లు పట్టుకుని రండి, ఏడాది లెక్క వాటి మీదే చూద్దాం.