శ్రీకాకుళంలో రిపేరు గది పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ వైపు ఒక గది దొరికింది, ఇంజినీరింగ్ చదివే నలుగురైదుగురం ఉన్నాం, హ్యాకర్‌స్పేస్ లాంటిది (పనిముట్లు పంచుకుని, కలిసి వస్తువులు తయారుచేసుకునే గది) పెట్టుకుంటాం. ఏ సామాను కొనాలి, గ్రూప్ ప్రాజెక్టులు సగంలో ఆగిపోకుండా ఏం చెయ్యాలి అని అడిగారు. విజయనగరంలో మేం అలాంటి గదే నడుపుతున్నాం, ఆదివారాలు మాత్రమే. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. సామాను సంగతి దాన్నిబట్టే తేలుతుంది.

ప్రాజెక్టులు కొన్నాళ్లు పక్కన పెట్టి రిపేర్లతో మొదలుపెట్టండి. రిపేరుకొచ్చిన ప్రతి వస్తువు వెనకా ఎదురుచూసే మనిషి ఒకరుంటారు. మిక్సీ ఇచ్చి వెళ్లినావిడ వచ్చే ఆదివారం గుమ్మంలో నిలబడి "ఏటి బాబూ, అయిందా?" అంటుంది. ఆ మాట కోసమైనా శనివారం రాత్రి కూర్చుని పని పూర్తి చేస్తారు. నల్లగీత మీద నడిచే రోబో ఎప్పుడవుతుందని అడిగే నాథుడు ఉండడు. సెమిస్టర్ పరీక్షలు రాగానే అది అట్టపెట్టెలోకి పోతుంది, తర్వాత దాని మోటార్లు ఇంకో ప్రాజెక్టుకి పోతాయి. మా దగ్గర మూలపడ్డవన్నీ ఆ బాపతే.

బయటి దేశాల్లో ఇలాంటి గదులు రెండు రకాలుగా ఉన్నాయి. బెర్లిన్‌లో సీ-బేస్ అనే హ్యాకర్‌స్పేస్ 1995 నుంచి ఉంది. పాతబడ్డ వస్తువులు పట్టుకొచ్చి అక్కడే కూర్చుని బాగుచేసుకునే రిపేర్ కేఫ్‌లు మాత్రం 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలయ్యాయి. మన ఊళ్లకి రెండోదే బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

మీ దగ్గరికి వచ్చేవి ఏమిటో ఇప్పుడే చెప్పగలను: ఫ్యాన్లు, మిక్సీలు, ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఎమర్జెన్సీ లైట్లు, ఎవరి తాతగారిదో ఒక రేడియో. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుందంటే ముందు కండెన్సర్ చూడండి. మామూలు సీలింగ్ ఫ్యానుకి 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది, పాతబడ్డాక కొలిస్తే బాగా తక్కువ చూపిస్తుంది. మిక్సీ అయితే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి. ఇవి పెద్ద విద్యలేం కావు, ఓపిగ్గా చూస్తే రెండు మూడు వారాల్లో చేతికొస్తాయి.

ఎల్‌ఈడీ బల్బు దగ్గర మాత్రం కాస్త ఆగాలి. పైన ప్లాస్టిక్ మూత తిప్పి తీస్తే అల్యూమినియం ప్లేటు మీద పసుపురంగు చిప్పులు వరసగా కనిపిస్తాయి. పోయినదాని మధ్యలో సన్నటి నల్లచుక్క ఉంటుంది. అన్నీ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే బల్బు మొత్తం ఆరిపోతుంది. చిప్పులు పదికి పైగా ఉంటే ఆ ఒక్కదాన్ని జంపర్ చేస్తే (రెండు చివరలూ తీగముక్కతో కలిపేస్తే) మళ్లీ వెలుగుతుంది. రెండు మూడు పోయి ఉంటే కొత్తది కొనుక్కోమని చెప్పెయ్యండి, ఎలాగూ నెల తిరక్కుండా వెనక్కి వస్తుంది. చవక బల్బుల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. అందుకని కరెంటు ఉండగా ఆ చిప్పులు ముట్టుకుంటే మెయిన్స్, అంటే గోడ ప్లగ్గు కరెంటు, ముట్టుకున్నట్టే. కుర్రాళ్లు "అయిదు వోల్టులేగా" అనుకుని వేలు పెట్టేది ఇక్కడే.

సముద్రం పక్క ఊళ్ల నుంచి వచ్చే బోర్డుల సంగతి వేరు. మాకు భోగాపురం వైపు నుంచి వస్తాయి, మీకు కళింగపట్నం వైపు నుంచి వస్తాయి. ఉప్పుగాలికి రాగి ట్రాకుల మీద పచ్చటి చిలుము పడుతుంది, కనెక్టర్ పిన్నుల మధ్య తేమ పేరుకుంటుంది. ఏ పార్టూ మార్చకముందే పాత టూత్‌బ్రష్‌తో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి రుద్ది, బాగా ఆరాక పెట్టి చూడండి. చచ్చిపోయిందనుకున్న బోర్డు చాలాసార్లు ఆ స్నానంతోనే లేస్తుంది.

ఇక సామాను. మంచి మల్టీమీటరు, 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, లావు వైర్లకి 60 వాట్లది ఇంకొకటి, 60/40 లెడ్ (అతికించే సాల్డర్ తీగ), పేస్టు, కరిగిన లెడ్‌ని పీకే పంపు. ఆసిలోస్కోపు (కరెంటు సిగ్నళ్లని తెరమీద గీతగా చూపించే పరికరం) కోసం చందాలు వెయ్యకండి, మొదటి ఏడాది దానితో పని పడదు. ఆ డబ్బుతో లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టేలా కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి) పెట్టించండి. లెడ్ పట్టుకున్న చేతులతో పునుగులు తినే అలవాటు మొదటిరోజే మాన్పించాలి, గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాలి.

అన్నిటికన్నా ముందు సిరీస్ బోర్డు చేసుకోండి. ఒక ఫిలమెంటు బల్బు హోల్డరు, దానితో సిరీస్‌లో ఒక సాకెట్టు, అంతే. రిపేరు చేసిన వస్తువుని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకుండా ముందు ఇందులో పెట్టాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, ఫ్యూజు కొట్టదు, ఏదీ పేలదు. ఇది మాకు నేర్పింది పాతకాలపు రేడియో మెకానిక్ ఒకాయన. మీ ఊళ్లోనూ అలాంటివాళ్లుంటారు, వెళ్లి పిలవండి. మీరు వాళ్ల పొట్ట కొట్టడానికి రాలేదని వాళ్లకి తెలియాలి. మేమైతే వైండింగ్ పనులూ ఫ్రిజ్‌లూ బయట షాపులకే పంపిస్తాం.

మైక్రోవేవ్ మాత్రం ఎవరు బతిమాలినా విప్పకండి. దాని కండెన్సర్ ప్లగ్గు పీకేశాక కూడా ప్రాణం తీయగలదు. టీవీ, కంప్యూటర్ సప్లైల్లో పెద్ద కండెన్సర్ మీద 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది (230ని 1.414తో గుణిస్తే వచ్చేది అదే). మీటరు పెట్టి, దిగిపోయిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఉబ్బిన ఫోను బ్యాటరీ తెస్తే నొక్కకుండా, గుచ్చకుండా విడిగా పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వాలి.

గ్రూప్ ప్రాజెక్టు కూడా రిపేరు లాగే ఎవరో ఒకరు అడిగేదై ఉండాలి. మా దగ్గర పూర్తయిన మొదటిది నీళ్ల ట్యాంకు అలారం. మా గది పక్కింటి మామ్మగారి ట్యాంకు నిండి వీధంతా పారేది, పక్కవాళ్లతో రోజూ గొడవ. కుర్రాళ్లు మొదట ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ చిప్పు) పెట్టి ఫోనులో యాప్ చేద్దామన్నారు. ఆవిడ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. "నాకవన్నీ ఎందుకు, మోగితే సాలు" అందావిడ. డిజైను అక్కడే తేలిపోయింది: మూడు మట్టాలకి మూడు ఎల్‌ఈడీలు, నిండగానే బజరు.

అందులో చూడాల్సిన కిటుకు ఒకటుంది. నీటిమట్టం తెలియడానికి రాగి తీగలు వేలాడదీసి ఎప్పుడూ డీసీ ఇస్తూ ఉంటే, ఎలక్ట్రాలిసిస్ వల్ల ప్లస్ వైపు తీగ పచ్చబడి కరిగిపోతూ ఉంటుంది. అందుకే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వాడి, ఆర్డ్వినో అనే, ప్రోగ్రామ్ రాసి పెట్టే చిన్న బోర్డుతో కొన్ని సెకన్లకోసారి క్షణంపాటు మాత్రమే కరెంటు ఇచ్చి చూసేలా పెట్టాం. ట్యాంకు డ్రిల్లింగు ఒకరిది, సర్క్యూటు ఒకరిది, డబ్బా బిగింపు ఒకరిది. కోడ్ రాసినవాడికి క్యాంపస్ ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. అయినా పని ఆగలేదు, ఎందుకంటే ఏ వైరు ఏ పిన్నుకో డబ్బా మూత లోపల కాగితం మీద రాసి అంటించి ఉంది. ఆ కాగితం మీరూ అలవాటు చేసుకోండి.

మీ ఊరికైతే తుఫాను దీపంతో మొదలుపెట్టమంటాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానంలో కరెంటు లేక జనం ఎన్ని అవస్థలు పడ్డారో మీకు చెప్పక్కర్లేదు. పాత యూపీఎస్‌లలోంచి వచ్చే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ, 5 వాట్ల ఎల్‌ఈడీ స్ట్రిప్పు, ఫోను చార్జింగ్‌కి 5 వోల్టులిచ్చే బక్ కన్వర్టరు చాలు. 12ని 7తో గుణిస్తే 84 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పోతుంది, కాబట్టి చేతికొచ్చేది సుమారు 40. దీపం ఒక్కటే అయితే ఎనిమిది గంటలు, లేదంటే రెండు ఫోన్లు ఒక్కోసారి. ఇది కొత్త బ్యాటరీ లెక్క, పాతదానికి ఇంకా తగ్గుతుంది, అందుకే ముందు లోడు పెట్టి ఎంతసేపు ఆగుతుందో చూడండి. ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు తప్పకుండా ఉండాలి. జూన్‌లో మొదలుపెడితే సెప్టెంబరు కల్లా నాలుగైదు తయారవుతాయి. ఎవరింటికి ఇవ్వాలో పేర్లు మాత్రం ముందే రాసుకుని, వాళ్లకి చెప్పేయండి.