లింక్ సిస్టమ్ కాల్ ఇంటర్వ్యూలకేనా? మా బిల్లుల గొడవ వినండి

"హార్డ్ లింక్ పెట్టే లింక్ కాల్‌ని ప్రోగ్రాముల్లో నిజంగా ఎవరైనా వాడతారా, లేక ఇంటర్వ్యూలో అడగడానికే ఉందా?" అని అడిగారు. వాడతారు. హార్డ్ లింక్ అంటే ఉన్న ఫైలుకే ఇంకో పేరు పెట్టడం, ఆ పని చేసిపెట్టమని ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగే సిస్టమ్ కాలే లింక్. నేనూ వాడాను, అదీ డిస్కులో చోటు మిగల్చడానికి కాదు.

అప్పట్లో విజయవాడలో టోకు బట్టల వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒక షాపులో కౌంటర్లన్నీ ఒకే లినక్స్ సర్వర్ మీద నడిచేవి. బిల్లుని ముందు ఏదో తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక రీనేమ్ కాల్‌తో దానికి బిల్లు నంబరు పేరు పెట్టేవాళ్లు. సగం రాసిన ఫైలు ఎవరి కంటా పడకూడదని అలా చేస్తారు, పద్ధతి మంచిదే. నంబరు మాత్రం ఫోల్డర్‌లో ఆఖరి బిల్లు చూసి దానికి ఒకటి కలిపేవాళ్లు. దసరా రద్దీలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి బటన్ నొక్కితే ఇద్దరికీ అదే నంబరు వచ్చేది. రీనేమ్ ఏం చేస్తుందంటే, ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉంటే కిక్కురుమనకుండా దాన్ని తీసేసి తనది పెట్టేస్తుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. రాత్రి లెక్క చూసుకుంటే మూటలు వెళ్లిపోయాయి, బిల్లు లేదు. మూటలు ఎత్తే కుర్రాళ్లని నిలదీశారు పాపం. చివరికి పెద్ద గుమాస్తా గారు ఫోన్ చేసి "బాబూ, మీ కంప్యూటర్ బిల్లులు తింటోందయ్యా" అన్నారు.

మా దగ్గర ఒకాయన "ముందు ఆ పేరు ఉందో లేదో చూసి, లేకపోతేనే రీనేమ్ చేద్దాం" అని ఒక ఇఫ్ పెట్టారు. దాంతో గొడవ తగ్గింది కానీ పోలేదు, అలా తగ్గడం ఇంకా ప్రమాదం. చూడటానికీ పేరు పెట్టడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో పక్క కౌంటర్ దూరిపోతుంది కదా.

లింక్ కాల్ అలా కాదు. కొత్త పేరు అప్పటికే ఉంటే ఈఎగ్జిస్ట్ అనే ఎర్రర్‌తో తిప్పికొడుతుంది, చూడటం పెట్టడం రెండూ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపల ఒకే దెబ్బలో అయిపోతాయి. అందుకని తాత్కాలిక ఫైలుకి బిల్లు నంబరు పేరుతో లింక్ పెట్టి, కుదిరితే అన్‌లింక్‌తో తాత్కాలిక పేరు తీసేయడం, కుదరకపోతే నంబరు పెంచి బిల్లు మళ్లీ రాసి మళ్లీ లింక్ పెట్టడం, ఇంతే మార్పు. ఆ తర్వాత బిల్లు మాయమైందన్న ఫోన్ రాలేదు.

కొన్నాళ్లకి కొత్తగా చేరిన కుర్రాడు నీట్‌గా ఉంటుందని తాత్కాలిక ఫైళ్లని టెంప్ డైరెక్టరీకి మార్చాడు. ఆ సర్వర్‌లో అది మెమరీలో ఉండే వేరే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లని దాచే విడి అర లాంటిది), లింక్ ఒక ఫైల్‌సిస్టమ్ దాటి ఇంకోదాంట్లో పెట్టలేం, కాబట్టి ప్రతి బిల్లుకీ ఈఎక్స్‌డెవ్ ఎర్రర్. రీనేమ్ వాడినా అదే ఎర్రర్ వచ్చేది. ఫైళ్లని జరిపే ఎంవీ కమాండ్ ఇలాంటప్పుడు గుట్టుగా కాపీ చేసి పాతది తీసేస్తుంది, అందుకే ఈ హద్దు ఒకటుందని చాలామందికి తెలియదు.

కోచింగ్ సెంటర్ నోట్సులతో నా పేచీ ఇక్కడే. రెండు పేర్లకీ ఐనోడ్ (డిస్కులో ఫైలు వివరాలుండే రికార్డు) ఒకటే, డైరెక్టరీకి పెట్టకూడదు, వేరే ఫైల్‌సిస్టమ్‌కి పెట్టకూడదు, ఈ మూడు ముక్కలు బట్టీ పట్టించి వదిలేస్తారు. యూనిక్స్‌లో ఫైల్ డిలీట్ అనే కాల్ అసలు లేదని, అన్‌లింక్ ఒక పేరు మాత్రమే తీస్తుందని, ఆఖరి పేరు పోయి, దాన్ని తెరిచి పట్టుకున్న ప్రోగ్రాములన్నీ వదిలేశాకే చోటు ఖాళీ అవుతుందని ఎవరూ చెప్పరు. ఇది తెలియకే పెద్ద లాగ్ ఫైలు తీసేసి, డిస్క్ ఇంకా ఫుల్ చూపిస్తోందని అర్ధరాత్రి టెన్షన్ పడతారు.

బ్యాకప్‌ల సంగతి ఇంకో గోల. ఫైళ్లని కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రాములో, మారని ఫైలుకి కొత్త కాపీ బదులు పాత బ్యాకప్‌లోని దానికే హార్డ్ లింక్ పెట్టే లింక్‌డెస్ట్ ఆప్షన్ పెట్టి "రోజుకో కాపీ ఉంది మాకు" అని ధీమాగా ఉంటారు. మారని ఫైలు డిస్కు మీద ఒక్కటే ఉంటుందండీ, ఎన్ని ఫోల్డర్లలో కనిపించినా సరే. అక్కడ డిస్క్ చెడితే అన్ని రోజులదీ పోయినట్టే. ఆ బ్యాకప్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఎవరైనా ఫైలు చివర ఒక లైను చేర్చినా అంతే, ఆ ఫైలుని పంచుకున్న రోజులన్నీ మారిపోతాయి. రెండో డిస్క్ కొనండి.

ఇప్పుడైతే రీనేమ్‌కి కొత్త రూపమైన రీనేమ్‌ఎట్2 కాల్‌లో, ఆ పేరు ఉంటే దాన్ని తీసేయొద్దని చెప్పే నోరీప్లేస్ ఫ్లాగ్ ఉంది కదా అంటారేమో. ఉంది, 2014లో లినక్స్ 3.15 తో వచ్చింది, ఫైల్‌సిస్టమ్ ఒప్పుకుంటే హాయిగా వాడుకోండి. కానీ అది లినక్స్‌కే సొంతం. లింక్ కాల్ 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉంది, ఏ యూనిక్స్ మీదైనా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ మీద మాత్రం ప్రయత్నించకండి, వాటిలో తరచూ ఉండే ఎక్స్‌ఫ్యాట్ ఫైల్‌సిస్టమ్‌లో హార్డ్ లింకులే లేవు.