హన్నా-బార్బెరా స్టూడియో ఎలా పుట్టింది? వాళ్ల బొమ్మల మెడలో టై ఎందుకు?
టామ్ అండ్ జెర్రీకి 7 ఆస్కార్లు వచ్చినా, 1957లో హాలీవుడ్ సినిమా సంస్థ ఎమ్‌జీఎమ్ తన కార్టూన్ విభాగాన్ని మూసేసింది. పని పోయిన టామ్ అండ్ జెర్రీ సృష్టికర్తలు విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అదే ఏడు టీవీ కోసం సొంత స్టూడియో పెట్టారు. టీవీ బడ్జెట్ చాలా తక్కువ. అందుకే బొమ్మ మొత్తం మళ్లీ మళ్లీ గీయకుండా, కదిలే భాగం మాత్రమే గీసేవారు.

వాళ్ల ఎలుగుబంటి బొమ్మ యోగి బేర్‌ని గమనించండి, మెడలో కాలర్, టై ఉంటాయి. ఒళ్లు అలాగే ఉంచి తల ఒక్కటే మార్చినా, ఆ అతుకు కాలర్ చాటున కనబడదు. పరుగెత్తే సీన్లో వెనక అవే చెట్లు తిరిగి తిరిగి వస్తాయి. చవక పని అని విమర్శించినవాళ్లున్నారు గానీ, నాకది గొప్ప తెలివి అనిపిస్తుంది.

1960లో ఫ్లింట్‌స్టోన్స్, 1969లో స్కూబీ డూ వచ్చాయి. 1991లో స్టూడియో టర్నర్ అనే టీవీ సంస్థ చేతికి వెళ్లింది. మరుసటి ఏడు కార్టూన్ నెట్‌వర్క్ మొదలైంది ఎక్కువగా ఈ పాత కార్టూన్లతోనే.