యూకేలో డీఎంపీ కడుతున్నప్పుడు బ్యాంకు చార్జీలు వెనక్కి అడగొచ్చా?

అడగొచ్చు. డీఎంపీ, అంటే డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్, అప్పిచ్చినవాళ్లతో కుదుర్చుకున్న వాయిదాల ఏర్పాటే. దానివల్ల చార్జీల మీద ఫిర్యాదు చేసే హక్కు పోదు.

కానీ 2009 నవంబరులో యూకే సుప్రీంకోర్టు బ్యాంకుల పక్షాన తీర్పిచ్చాక, "ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ వాడటం) చార్జీలు మరీ ఎక్కువ" అన్న ఒక్క వాదన నిలవడం కష్టం. మీ ఆర్థిక ఇబ్బందే మీ అసలు బలం. పాత స్టేట్‌మెంట్లు ముందేసుకుని చూడండి: జీతంలోంచి చార్జీ కోసుకోవడం, ఆ లోటుకి డైరెక్ట్ డెబిట్ (ఖాతాలోంచి ఆటోమేటిగ్గా వెళ్లే బిల్లు చెల్లింపు) వెనక్కి పోవడం, దానికి మళ్లీ ఇంకో చార్జీ. ఈ గొలుసునే తేదీలతో సహా రాసి, ఇంటి ఆదాయ ఖర్చుల లెక్క జతచేసి బ్యాంకుకి ఫిర్యాదుగా పంపండి.

8 వారాల్లో తుది జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. జవాబు వచ్చాక 6 నెలలే గడువు. పైసా ఖర్చుండదు, కమీషన్ అడిగే కంపెనీల జోలికి దయచేసి పోకండి.

ఒక్కటి ముందే తెలుసుకోండి. ఆ బ్యాంకుకే మీరు బాకీ ఉంటే, తిరిగిచ్చే సొమ్ము మీ చేతికి రాకుండా బాకీలో జమ కావచ్చు. చేతికొస్తే మాత్రం ప్లాన్ నడిపేవాళ్లకి చెప్పండి, దాచొద్దు.